వార్తాపీఠం – శ్రీరాంపూర్ పలుకు

2021 నవంబరు 10వ తేదీన మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లో ఎస్సార్పీ-3 గని లోపల పైకప్పు కూలి నలుగురు బొగ్గు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి వార్త కొద్ది గంటలలోనే రాష్ట్రమంతటా తెలుస్తుంది. హైదరాబాదులో ఒక స్టూడియోలో, ప్రఖరమైన దీపాల వెలుగులో కూర్చున్న వ్యక్తి దానిని చదువుతారు. చదివేవారి ముఖం గంభీరంగా ఉంటుంది. ఉచ్చారణలో దోషం ఉండదు, వాక్యంలో తప్పు ఉండదు. ఐనా శ్రీరాంపూర్‌లో కూర్చుని వినేవారికి అందులో ఏదో లోటు తోస్తుంది. సమాచారం చాలలేదని కాదు. తమ ఊరి చావును గూర్చి తమ ఇంట ఎవరూ మాట్లాడని భాషలో వినవలసి రావడమే ఆ లోటు.

ఏ శ్రీరాంపూర్ అనే ప్రశ్న కరీంనగర్ వైపు వారికి కలుగవచ్చు. పెద్దపల్లి జిల్లాలో కాల్వ శ్రీరాంపూర్ అనే మండలం ఒకటి ఉన్నది. ఇక్కడ ప్రస్తావిస్తున్నది అది కాదు. గోదావరికి ఉత్తరాన, మంచిర్యాలకు చేరువలో, పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు చెందిన బొగ్గు శ్రీరాంపూర్. 1920 నుంచి సింగరేణి కాలరీస్ అనే పేరుతో నడుస్తున్న సంస్థకు ఇది ఒక ముఖ్యమైన ఏరియా. పని కోసం నలుమూలల నుంచి వచ్చినవారు కలిసి బ్రతికే చోటు కాబట్టి ఇక్కడి మాట కూడా కలగలుపు మాట. కరీంనగర్ పల్లెల తెలుగు, ఆదిలాబాదు అడవి అంచుల తెలుగు, ఉర్దూ, హిందీ, కోస్తా నుంచి వలస వచ్చినవారి తెలుగు, గని పనితో వచ్చిన ఇంగ్లీషు ముక్కలు, అన్నీ అందులో ఉన్నాయి. ఇళ్ళలో బొగ్గు గనిని గని అనడం తక్కువ, బాయి అంటారు. బావి అనే మాటకు ఇక్కడి రూపమది. మొదటి షిఫ్టుకు బయలుదేరిన మనిషిని గూర్చి అడిగితే ఇంటివారు “బాయికి పోయిండు” అని చెబుతారు. గుంటూరు చెవికి ఈ వాక్యం అపశకునంగా వినిపించవచ్చు. అక్కడ మనిషి పోయాడంటే చనిపోయాడని అర్థం. శ్రీరాంపూర్‌లో అది రోజూ మూడు పూటలా నోట వచ్చే మాట. మూడు అక్షరాల క్రియ ఒక చోట ప్రయాణం, మరొక చోట మరణం అయినప్పుడు, రెండు చోట్లకూ వార్తలు చెప్పవలసినవారి పని సులభం కాదని ఒప్పుకోవలసిందే.

గని వార్త స్టూడియోకు చేరే మార్గాన్ని ఒకసారి పరిశీలించడం ఉపయోగకరం. ప్రమాదస్థలికి మొదట చేరేది స్థానిక విలేకరి. అతడు సాధారణంగా ఆ ప్రాంతం వాడే. కార్మికులతో వారి మాటలోనే మాట్లాడతాడు, వారు చెప్పింది అట్లాగే వింటాడు. కాని వార్త రాయడానికి కూర్చోగానే అతని చేయి వేరే భాష పడుతుంది. బాయి గని అవుతుంది. దవఖాన ఆసుపత్రి అవుతుంది. తొవ్వ దారి అవుతుంది. “సచ్చిపోయిండు” అన్నది “మృతి చెందాడు” అవుతుంది. ఆ ప్రతి హైదరాబాదులోని డెస్కుకు చేరుతుంది. అక్కడ ఉపసంపాదకుడు దానిని మరికొంత చెక్కి, దృశ్యాల నిడివికి సరిపోయేటట్లు కుదిస్తాడు. ఆ పాఠం కెమెరా కటకానికి ముందు ఏటవాలుగా అమర్చిన అద్దం మీద ప్రతిబింబించి, చదివేవారి కళ్ళ ముందు పైకి జరుగుతూ పోతుంది. టెలిప్రాంప్టర్ అంటే ఇదే. కటకం అద్దం వెనుక ఉండడం చేత, అక్షరాలు చదువుతున్న చూపు ప్రేక్షకుని వైపు చూస్తున్నట్లు కనపడుతుంది. చెవిలో ఇమిడిన చిన్న శ్రవణయంత్రం ద్వారా నియంత్రణ గదిలోనివారు ఆదేశాలు ఇస్తూ ఉంటారు. ఇన్ని చేతులు మారిన తరువాత చనిపోయినవారి బంధువు మాట మాత్రం మారకుండా వస్తుంది. దానిని వృత్తి పరిభాషలో బైట్ అంటారు. కొద్ది సెకన్ల పాటు ఒక స్త్రీ తన మాటలో ఏడుస్తుంది. తరువాత మళ్ళీ స్టూడియో, మళ్ళీ ఆ నిర్దుష్టమైన తెలుగు. ఈ అమరికలో యాసకు కేటాయించిన పని ఏడవడం మాత్రమే. విషయం చెప్పే పని దానిది కాదు.

ఆ నిర్దుష్టమైన తెలుగు కోస్తా జిల్లాల ఇంటి భాష అని తెలంగాణలో చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. “విషాదఛాయలు అలుముకున్నాయి” అని గాని, “తీవ్ర దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు” అని గాని తెనాలిలోనూ ఎవరూ ఇంట్లో మాట్లాడుకోరు. అది పత్రికల బల్లల మీద పుట్టి పెరిగిన భాష. క్రియారూపాలు కృష్ణా, గోదావరి మండలాల విద్యావంతుల వాడుక నుంచి వచ్చాయి, నామవాచకాలు సంస్కృతం నుంచి వచ్చాయి, వాక్యనిర్మాణంలో కొంత భాగం ఇంగ్లీషు తంతివార్తల అనువాదం నుంచి వచ్చింది. గిడుగు రామమూర్తి గ్రాంథికానికి ఎదురు నిలిచి వ్యావహారికం కోసం పోరాడినప్పుడు ఆయన కోరింది శిష్టుల సజీవమైన వాడుక. ఆ పోరాటం ఫలించి పత్రికలలో వాడుక భాష స్థిరపడే నాటికి అచ్చుయంత్రాలు, పాఠకులు, కళాశాలలు ఎక్కువగా ఏ జిల్లాలలో ఉన్నాయో ఆ జిల్లాల వాడుకే శిష్టమనిపించుకున్నది. గిడుగు పుట్టిన శ్రీకాకుళం ప్రాంతపు పలుకుకే ఆ పంక్తిలో పీట దక్కలేదు. కాళోజీ నారాయణరావు ఈ అన్యాయాన్ని గూర్చి జీవితాంతం మాట్లాడారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9 నేడు తెలంగాణ భాషాదినోత్సవం. భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా సేకరణ జరిపించి 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం తిరగవేస్తే, ఒకే పనిముట్టుకు జిల్లా జిల్లాకూ ఎన్ని పేర్లు ఉన్నాయో కనపడుతుంది. తెలుగు మాండలికాలను ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలాలుగా విభజించినదీ ఆయనే. వార్తాపీఠం ఎక్కింది ఆ నాలుగింటిలో మధ్యమండలం.

రేడియో ఈ భాషను పత్రికల నుంచి స్వీకరించింది. ఢిల్లీ నుంచి ఆకాశవాణి తెలుగు వార్తలు చదివినవారు తెలుగు దేశంలో ఇంటింటికీ తెలిసిన గొంతులయ్యారు. పన్యాల రంగనాథరావు ఆ గొంతులలో ఒకరు. జోలెపాళెం మంగమ్మ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ. కొంగర జగ్గయ్య కొంతకాలం ఢిల్లీలో వార్తలు చదివి, ఆ పిమ్మట చిత్రసీమకు వెళ్ళారు. ఐర్లండులో దీనికి తలక్రిందులు జరిగింది. 1961 డిసెంబరు 31న ఆ దేశపు టెలివిజన్ ప్రారంభమైనప్పుడు తొలి వార్తాపఠకునిగా వచ్చిన చార్లెస్ మిచెల్ రంగస్థల నటుడు. వార్తలు చదవడానికీ నటనకూ ఉన్న బంధుత్వం ఈ రెండు ఉదాహరణలలోనూ కనపడుతున్నది. తనవి కాని మాటలను తనవిగా పలకడం రెండింటికీ సామాన్యం.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ఆరంభమైనా, అందులో తెలుగు వార్తలు మొదలైనది 1983 నవంబరు 14న. ఆ రోజు చదివినవారు శాంతిస్వరూప్. 1978లోనే ఆయన ఆ సంస్థలో చేరారు. 2011లో పదవీ విరమణ చేశారు. 2024 ఏప్రిల్ 5న హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన సతీమణి రోజారాణి కూడా దూరదర్శన్‌లో వార్తలు చదివినవారే. మొదటి సంవత్సరాలలో టెలిప్రాంప్టర్ లేదు. బల్ల మీద కాగితాలు ఉండేవి. తల వంచి చదువుతూ పోతే ప్రేక్షకునికి పాపిడి మాత్రమే కనపడుతుంది కాబట్టి, శాంతిస్వరూప్ పాఠాన్ని ముందే ధారణ చేసుకుని, కాగితం మీద ఒక చూపు వేసి తల ఎత్తి చెప్పేవారు. పద్యాలు కంఠస్థం చేయవలసిన విద్యార్థులు ఈ విషయాన్ని కాస్త మనసులో ఉంచుకోవచ్చు. ఆయన ధారణ చేసింది పద్యం కాదు, ప్రతిరోజూ మారే గద్యం, అందులోనూ అంకెలతో, ఊళ్ళ పేర్లతో నిండిన గద్యం.

ఆయన ముఖంలో భావం కనపడేది కాదు. ఈ తరం విద్యార్థులు ఆ పాత దృశ్యాలు చూస్తే నవ్వుకోవచ్చు. ఐతే ఆ నిశ్చలత వెనుక ఒక సిద్ధాంతం ఉన్నది. బ్రిటిష్ ప్రసార సంస్థ బీబీసీ టెలివిజన్ వార్తలు ప్రారంభించిన కొత్తలో చదివేవారి ముఖాన్ని చూపనే లేదు. ముఖంలోని కదలిక వార్తకు రంగు పులుముతుందని దాని భయం. 1955లో గాని ముఖాలు తెరపైకి రాలేదు. దూరదర్శన్ ముఖాన్ని చూపింది, కాని ముఖాన్ని మాట్లాడనివ్వలేదు. ఆ కదలని ముఖం గల శాంతిస్వరూప్ భోపాల్ విషవాయు దుర్ఘటన మీద రాతిమేఘం అనే నవల రాశారన్న సంగతి తెలిసినవారు తక్కువ. పీఠం మీద చూపరాని దుఃఖానికి ఆయన వేరొక చోటు వెదుక్కున్నారు కాబోలు.

ప్రైవేటు చానళ్ళు వచ్చిన తరువాత పీఠం స్వభావమే మారిపోయింది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2003 డిసెంబరులో ఈటీవీ2, 2004లో టీవీ9 ఇరవై నాలుగు గంటల వార్తలకు బాట వేశాయి. అర్ధగంట వార్తలు రోజంతటి వార్తలయ్యాయి. చదివేవారు లేచి నిలబడ్డారు, నడిచారు, పెద్ద తెరల ముందు చేతులు ఊపారు. పఠకులన్న పేరు పోయి యాంకర్లన్న పేరు వచ్చింది. నేపథ్యంలో డప్పుల మోత, తెర అడుగున పరుగెత్తే అక్షరాలు, మూలన ఎర్రని పెట్టెలో బ్రేకింగ్ న్యూస్. ఈ హడావుడిని గూర్చి ఇప్పటికే చాలామంది రాశారు. ఇక్కడ దానిని పెంచవలసిన పని లేదు. గమనించవలసినది ఒక్కటే. ఇంత మారినా పీఠం భాష మారలేదు. దీపాలు మారాయి, దుస్తులు మారాయి, గొంతు స్థాయి పెరిగింది. “వచ్చాడు” మాత్రం “వచ్చిండు” కాలేదు.

అది అయినది వేరొక చోట. 2012లో మొదలైన వీ6 చానల్ తీన్మార్ వార్తలు అనే కార్యక్రమంతో తెలంగాణ పలుకును తెర మీదకు తెచ్చింది. ఆ చానల్ బొగ్గు ప్రాంత రాజకీయాలలో పేరున్న గడ్డం వివేక్ కుటుంబానిది. సావిత్రిగా శివజ్యోతి, బిత్తిరి సత్తిగా చేవెళ్ళ రవికుమార్ పల్లెపల్లెకూ పరిచితులయ్యారు. హెచ్ఎంటీవీలో జోర్దార్ వార్తలు అదే దారిలో వచ్చాయి. ఈ కార్యక్రమాలు చేసిన మేలును తక్కువ చేసి చూడరాదు. అంతవరకు సినిమాలలో తెలంగాణ మాట రౌడీ నోట గాని, హాస్యగాని నోట గాని వినపడేది. మొదటిసారిగా ఆ మాట ఊరి రోడ్డును గూర్చి, ఆగిన పింఛనును గూర్చి, మక్కల ధరను గూర్చి అధికారులను నిలదీసింది. తాము మాట్లాడేదీ తెర మీదకు రాదగిన భాషేనని కోట్లమందికి తోచడం చిన్న విషయం కాదు. రాష్ట్ర సాధన ఉద్యమం సాగుతున్న రోజులలో, రాష్ట్రం వచ్చిన తొలి సంవత్సరాలలో ఆ పలుకు వినడమే ఒక పండుగగా ఉండేది.

ఐతే ఆ పలుకు ఏ వేషంలో వచ్చిందో చూడాలి. సత్తికి వింత చొక్కా, వింత నడక, అమాయకత్వం నటించే చూపు. మాటమాటకూ సామెత, మాట చివర సాగదీత, వెనుక నవ్వుల చప్పుడు. అదే చానల్లో అదే రోజు ముఖ్యమంత్రి ప్రకటనను గాని, శాసనసభ చర్చను గాని, గని ప్రమాదాన్ని గాని చెప్పే ప్రధాన బులెటిన్ వస్తే, అందులో కోటు ధరించిన మరొకరు వచ్చి చాలావరకు పాత పీఠం భాషే చదివేవారు. కొన్ని చానళ్ళు ప్రధాన బులెటిన్లలో తెలంగాణ పదాలను అక్కడక్కడ వాడుతున్న మాట నిజమే. క్రియ దగ్గరకు వచ్చేసరికి మళ్ళీ వెనుకకు తగ్గుతున్నాయి. ఈ విధంగా ఒక విభజన స్థిరపడింది. నవ్వడానికి ఒక తెలుగు, నమ్మడానికి ఒక తెలుగు. పూర్వం యాసను వాకిట నిలబెట్టారు. ఇప్పుడు లోపలికి పిలిచి వినోదం చెప్పమన్నారు. ఇది ముందడుగే, కాని వచ్చి ఆగిన చోటు తప్పు చోటు.

నవ్వు, నమ్మకం అనే ఈ తగవు తెలుగువారిది మాత్రమే కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, బీబీసీ రేడియో వార్తలు చదవడానికి విల్‌ఫ్రెడ్ పికిల్స్ అనే నటుని నియమించారు. ఆయన ఇంగ్లండు ఉత్తర భాగంలోని యార్క్‌షైర్ వాడు. పుట్టిన ఊరు హాలిఫాక్స్. అంతకుముందు వార్తలు చదివిన వారందరిదీ దక్షిణాది విద్యావంతుల ఉచ్చారణ. శత్రువులు ఆ ఉచ్చారణను అనుకరించి దొంగవార్తలు ప్రసారం చేయవచ్చుననీ, ఉత్తరాది పలుకును అనుకరించడం వారికి కష్టమనీ అప్పట్లో ఒక ఆలోచన ఉండేది. పికిల్స్ చివర తన ఊరి యాసలో శుభరాత్రి చెప్పారు. అభ్యంతరాలు వచ్చాయి. ఆ యాసలో చదివితే వార్త నిజమనిపించడం లేదని కొందరు శ్రోతలు అన్నారని చెబుతారు. ఉత్తరాది వారిలోనూ అందరికీ అది రుచించలేదు. ఆశ్చర్యకరమైనది ఈ చివరి సంగతి. తమ ఇంటి మాటను తామే నమ్మలేకపోవడం ఒక్కరోజులో వచ్చే జబ్బు కాదు. ఏళ్ళ తరబడి గంభీరమైన విషయాలన్నీ మరొక గొంతులో విన్నవారికి, గంభీరత ఆ గొంతులోనే ఉన్నదన్న భ్రమ కలుగుతుంది. శ్రీరాంపూర్ కార్మికుని ఇంట్లో “మనోళ్ళ మాటల వార్తలు చెప్తే నవ్వులాటగుంటది” అని పెద్దలే అంటే విస్మయపడనక్కరలేదు. హాలిఫాక్స్‌కూ మంచిర్యాలకూ ఈ విషయంలో దూరం తక్కువ.

ఐర్లండు అనుభవం మరొక దిక్కు చూపుతున్నది. అక్కడ ఇంగ్లీషు ప్రాబల్యంలో నలిగిన ఐరిష్ భాషకు మూడు ప్రధాన మాండలికాలు ఉన్నాయి. 1958లో ప్రభుత్వం రాతకు ఒక అధికారిక ప్రమాణం ప్రకటించింది. కాని నోటి మాటకు అటువంటి ఏకరూపం జనం వాడుకలో ఏర్పడలేదు. 1996 అక్టోబరు 31న ప్రారంభమై తరువాత టీజీ4గా పేరు మార్చుకున్న ఐరిష్ భాషా చానల్ ప్రధాన కార్యాలయం రాజధాని డబ్లిన్‌లో లేదు. పశ్చిమాన, ఆ భాష ఇళ్ళలో మాట్లాడే కానెమారా పల్లెసీమలో ఉన్నది. వార్తల గది కూడా అక్కడిదే. వార్తలు చెప్పేవారు తమ తమ ప్రాంతాల ఉచ్చారణతోనే చెబుతారు. ఒక ప్రాంతం వారికి మరొక ప్రాంతపు పలుకు కొంత కొత్తగా ఉంటుంది. వినగా వినగా చెవి అలవాటు పడుతుంది. దేశం చిన్నది, మాట్లాడేవారు తక్కువ, పరిస్థితులు వేరు. కాబట్టి దానిని అట్లాగే తెచ్చి ఇక్కడ అతికించడం కుదరదు. ఐనా రాతకు ఒక ప్రమాణం ఉండి, నోటికి అనేక రూపాలు ఉన్నంత మాత్రాన వార్త గౌరవం పోదని అక్కడ ప్రతిరోజూ రుజువవుతున్నది.

దీనికి ప్రతివాదం లేకపోలేదు, అది బలమైనది కూడా. అందరికీ ఒకే భాష ఉండడం చేతనే శ్రీరాంపూర్ వార్త శ్రీకాకుళంలో తెలుస్తున్నదనీ, ఎవరి యాసలో వారు చదివితే వార్త గ్రామఫోను పెట్టెలా ఊరి పొలిమేర దాటదనీ అనవచ్చు. తెలంగాణ పలుకు అన్నప్పుడు ఏ తెలంగాణ అని కూడా అడగవచ్చు. సత్తి మాట చేవెళ్ళ వైపుది, సావిత్రి మాట నిజామాబాదు వైపుది. రెండింటినీ కలిపి స్టూడియోలో నూరగా వచ్చిన భాష మంచిర్యాలలో పూర్తిగా ఎవరిదీ కాదు. శ్రీరాంపూర్‌లో గోండి, కోలామి, మరాఠీ మాట్లాడే ఇళ్ళు కూడా ఉన్నాయి. వారికి ఏ తెలుగైనా రెండవ భాషే. యాసను పీఠం ఎక్కించినంత మాత్రాన వారికి న్యాయం జరగదు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా కేవలం అభిమానంతో మాట్లాడేవారు తమ వాదాన్నే బలహీనపరుస్తున్నారు.

జవాబు కొంతవరకు మాటల చరిత్రలోనే దొరుకుతుంది. దవఖాన అనే మాటను తీసుకోవచ్చు. ఉర్దూ నుంచి వచ్చి, తెలంగాణ పల్లెలో ప్రతి నోటా ఉన్న ఈ మాటను వార్తల డెస్కులు చాలాకాలం ఆసుపత్రిగా దిద్దుతూ వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాదులో బస్తీ దవాఖానా అనే పేరుతో చిన్న వైద్యశాలలు తెరిచింది. పేరు మార్చి చదవడానికి వీలు లేదు కాబట్టి, కోటు ధరించినవారు కూడా ఆ మాటను గంభీరంగా పలికారు. ఎవరూ నవ్వలేదు. కోస్తా ప్రేక్షకులకు అర్థం కాకపోనూలేదు. మాటలో హాస్యం లేదనీ, ఉన్నదంతా దానిని వాడిన సందర్భంలో ఉన్నదనీ ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం దొరకడం కష్టం. మక్కల ధర అంటే మొక్కజొన్న ధర అని విజయవాడ ప్రేక్షకునికి రెండవ రోజుకు తెలుస్తుంది. “కార్మికులు బాయిల చిక్కుకున్నరు” అంటే ఏమి జరిగిందో తెలియని తెలుగువాడు ఎక్కడా ఉండడు. ఇంత సంస్కృతాన్ని, ఇంత ఇంగ్లీషును మోస్తున్న వార్తల భాషకు పది క్రియారూపాలు, రెండు వందల మాటలు అదనపు బరువు కావు. ఉక్రెయిన్ నగరాల పేర్లు వారం రోజులలో నేర్చుకున్న నాలుకలు ఇవి.

ఏ తెలంగాణ అన్న ప్రశ్నకు ఒకే జవాబు అక్కరలేదు. హైదరాబాదులో కూర్చుని ఒక కొత్త తెలంగాణ ప్రమాణాన్ని తయారు చేసి అందరి మీదా రుద్దితే పాత కథే మళ్ళీ జరుగుతుంది. గని వార్తను గని ప్రాంతపు విలేకరే, దిద్దుబాటు లేకుండా, నిలబడిన చోటు నుంచే పూర్తిగా చెప్పవచ్చు. ఈనాటి సాధనాలతో అది కష్టమైన పని కాదు. విలేకరులు తెర మీదకు వచ్చి మాట్లాడడం ఇప్పటికే ఉన్నది. కాని కెమెరా వెలగగానే ఆ విలేకరి తన మాట వదిలి పీఠం భాషను అనుకరిస్తాడు, తడబడతాడు. స్టూడియోలోని యాంకర్ ప్రశ్నకు “అవును, ఇక్కడ పరిస్థితి చూసుకున్నట్లయితే” అనే అర్థం లేని ఉపోద్ఘాతంతో మొదలుపెడతాడు. ఆ ఉపోద్ఘాతం అజ్ఞానం కాదు. తనది కాని భాషలోకి అడుగు పెట్టేముందు కాలు కూడదీసుకోవడం.

ఈ తడబాటు మొదలయ్యే చోటు బడి. చాలా పాఠశాలలలో ఉదయం ప్రార్థన వేళ ఒక విద్యార్థి ఆనాటి వార్తలు చదవడం ఆచారం. తెలుగు పిల్లవాడు మొదటిసారి వార్తాపీఠం ఎక్కేది అక్కడే. పత్రికలోని శీర్షికలు ఒక కాగితం మీద రాసుకుని, టెలివిజన్‌లో విన్న గొంతును తెచ్చిపెట్టుకుని చదువుతాడు. మధ్యలో తన ఊరి వార్త వచ్చి, పొరపాటున “జరిగింది”కి బదులు “అయింది” అన్నాడంటే వరుసలలో నవ్వు వినిపిస్తుంది. తరువాతి రోజు ఆ తప్పు చేయడు. తన నోటికి సహజమైన మాట పదిమందిలో నవ్వు పుట్టిస్తుందని పదేళ్ళ వయస్సులో నేర్చుకున్నవాడు, ఇరవై ఏళ్ళకు విలేకరి అయినప్పుడు దానిని ఎట్లా వాడగలడు? వ్యాకరణం, ప్రమాణభాష నేర్పవద్దని ఎవరూ అనడం లేదు. పరీక్షకు, రాతకు అది కావాలి. కాని పఠనంలో దిద్దవలసినవి ఏవి, దిద్దరానివి ఏవి అన్న వివేచన ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది. ఒత్తు పలకకపోవడం వేరు, అంకె తప్పు చదవడం వేరు, “దవఖాన” అనడం వేరు. ఈ మూడింటినీ ఒకే ఎర్రసిరాతో దిద్దుతున్నారు.

సమస్యకు ఇప్పుడు కొత్త ముడి ఒకటి పడుతున్నది. 2023 జూలైలో బిగ్ టీవీ అనే తెలుగు చానల్ మాయ అనే పేరుతో కృత్రిమ మేధ వ్యాఖ్యాతను తెర మీదకు తెచ్చింది. 2024 మే నెలలో దూరదర్శన్ వారి డీడీ కిసాన్ చానల్ క్రిష్, భూమి అనే ఇద్దరు యంత్రవ్యాఖ్యాతలను ప్రవేశపెట్టి, వారు యాభై భాషలలో మాట్లాడగలరని ప్రకటించింది. అది రైతుల చానల్. ధరలు, వానలు, విత్తనాలు చెప్పవలసిన యంత్రం ఏ తెలుగులో చెబుతుందన్నది శ్రీరాంపూర్ చుట్టుపక్కల చెల్కలలో మక్కలు వేసేవారికి అక్కరకు వచ్చే ప్రశ్న. యంత్రానికి సొంత ఊరు లేదు, సొంత తల్లి లేదు. మనుషులు చదివి నిలువ చేసిన ధ్వనుల నుంచి, రాసిపెట్టిన పాఠాల నుంచి అది నేర్చుకుంటుంది. ఆ నిలువలో గంభీరమైన వార్తలన్నీ ఒక తెలుగులో ఉన్నాయి, వేలకొద్దీ గంటలు. తెలంగాణ పలుకు కూడా ఉన్నది, కాని ఎక్కువ భాగం నవ్వుల చప్పుడుతో, వింత చొక్కాతో కలిసి ఉన్నది. ఈ రెండింటినీ చదివిన యంత్రం ఏ పలుకు దేనికో తానుగా నిర్ణయించుకోదు. తనకు ముందు ఉన్నవారు నిర్ణయించినదే పాటిస్తుంది, వారికంటె నిష్ఠగా పాటిస్తుంది.

గని పైకప్పు కూలిన వార్తను బాయి అనే మాటతో, చిక్కుకున్నరు అనే క్రియతో, ముఖంలో నవ్వు లేకుండా, నవ్వించాలన్న ఉద్దేశమూ లేకుండా మొదటి నుంచి చివరి వరకు చదివిన ప్రధాన బులెటిన్లు ఆ నిలువలో వెదికినా దొరకడం అరుదు. అవి ఉండాలంటే ముందుగా ఒక మనిషి పీఠం మీద కూర్చుని వాటిని చదవాలి. హైదరాబాదులో స్టూడియోలు చాలా ఉన్నాయి. అట్లా చదవగలవారు మంచిర్యాల, గోదావరిఖని, బెల్లంపల్లి కళాశాలలలో ఇప్పుడు కూడా తరగతి గదులలో కూర్చుని ఉన్నారు.